కంప ఊరికే రాదు

చేజర్ల నుంచి ఉదయగిరి దాకా మన నెల్లూరు మెట్టలో ఇప్పుడు ఒక మాట తిరుగుతోంది. చెరువుల్లో, పోరంబోకుల్లో, సాగు మానేసిన బీళ్లలో పట్టిన చిల్లకంపంతా వృథాగా పడి ఉంది, దాన్ని కార్బన్ సరుకుగా మార్చే ఫ్యాక్టరీ ఒక్కటి వస్తే మెట్ట దశ తిరుగుతుంది అని. ఇంజనీరింగ్ చదివి వచ్చిన పిల్లలు అంటున్నారు, పెట్టుబడి కోసం తిరిగేవాళ్లు అంటున్నారు, వాళ్ల దగ్గర విన్న రైతులూ అంటున్నారు. ముడిసరుకుకి పైసా ఖర్చు లేదు, చెట్టు నుంచి వచ్చింది కాబట్టి కాలుష్యం లేదు, ఇంటికో ఉద్యోగం వస్తుంది. ఈ మూడూ కలిపి చెబుతున్నారు. మూడూ తప్పే. ఈ మాట నమ్మి ఉమ్మడి భూములు లీజుకి రాసిచ్చే రోజు రాకముందే ఎందుకు తప్పో విడమరిచి చెప్పాలి.

ముందు వాళ్ల వాదంలో ఉన్న బలం చెబుతాను. మొక్కలు తయారుచేసే పదార్థాల్లో భూమ్మీద అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది సెల్యులోజ్. దూదిలో తొంభై శాతం పైగా అదే. వెంకటగిరి చీర నూలంతా దాదాపు అదే. కట్టెలో కొంచెం అటూ ఇటూగా సగం అదే. గాలి తగలకుండా కాలిస్తే అందులోని ఆక్సిజన్, హైడ్రోజన్ ఆవిరిగా, పొగగా పోయి కార్బన్ మిగులుతుంది. 1879లో ఎడిసన్ తన బల్బులో వెలిగించింది ఇలా మాడ్చిన నూలుదారమే. తర్వాత వెదురు పీచు వాడాడు. 1950ల చివర్లో అమెరికాలోని యూనియన్ కార్బైడ్ పరిశోధనశాల రేయాన్ దారం నుంచి కార్బన్ ఫైబర్ తీసింది. స్పేస్ షటిల్ రెక్కల అంచున నిప్పులాంటి వేడిని కాసుకున్న కార్బన్ పలకలు రేయాన్ గుడ్డతో మొదలైనవే. రేయాన్ అంటే కట్టె గుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్. ఇవాళ టైర్లలో కలిపే కార్బన్ బ్లాక్, బ్యాటరీల్లో వాడే కృత్రిమ గ్రాఫైట్ పెట్రోలియం నుంచి, బొగ్గు తారు నుంచి వస్తున్నాయి. వాటికి బదులు మళ్లీ మళ్లీ మొలిచే మొక్క నుంచి తీయగలిగితే మంచిదే. నీళ్లు శుభ్రం చేసే యాక్టివేటెడ్ కార్బన్‌ని కొబ్బరి చిప్పల నుంచి మన దేశంలోనే తీస్తున్నారు, ఎగుమతి చేస్తున్నారు.

ఈ సైన్సుతో నాకు పేచీ లేదు. ఆ సైన్సుని అడ్డం పెట్టుకుని మన చెరువు కట్ట మీద నిలబడి చెబుతున్న లెక్కతోనే పేచీ.

ఒకటి. కంప వృథాగా పడి ఉందన్న మాట

ఈ చిల్లచెట్టు మనకి ఎలా వచ్చిందో ముందు గుర్తు చేసుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా ఉన్న బెడ్డోమ్ 1876లో విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖకి రాశాడు. 1877లో వెలికొండకి అవతల, కడప జిల్లా కమలాపురంలో నాటారు. దేశంలో ఈ చెట్టు మొదట అడుగుపెట్టింది అక్కడేనని చెబుతారు. వంటచెరకు కరువు తీర్చడానికి సర్కారు తెచ్చిన చెట్టు ఇది; సర్కారు తుమ్మ అన్న పేరులోనే ఆ సంగతి ఉంది. అంటే ఇది దారి తప్పి వచ్చిన కలుపు మొక్క కాదు, పొయ్యి కోసం తెచ్చిన చెట్టు. దాదాపు నూట యాభై ఏళ్లుగా ఆ పని చేస్తూనే ఉంది.

ఇవాళ కంప ఎవరికి పనికొస్తోందో చూడండి. గ్యాస్ బండ నింపుకోలేని ఇంట్లో పొయ్యి దాంతోనే వెలుగుతుంది. ఫంక్షన్ వంటలు, టీ అంగళ్లు, ఇటుక బట్టీలు దాని మీద నడుస్తున్నాయి. డీసీపల్లి, కలిగిరి వేలం కేంద్రాలకు వచ్చే పొగాకు బ్యారన్లలో పండేది కట్టె మంట మీదే. ఎండాకాలంలో మేత దొరకని నెలల్లో మన నెల్లూరు గొర్రెలు, మేకలు కంప కాయ తిని ప్రాణం నిలుపుకుంటాయి. చేలకి కంచె దాంతోనే వేస్తారు. బొగ్గు బట్టీలు సరేసరి. ఇంతమందికి పనికొచ్చేదాన్ని వృథా అంటున్నారంటే, దాన్ని వాడుకునేవాళ్లు వీళ్ల కంటికి కనబడలేదని అర్థం.

పంట వ్యర్థాలూ అంతే. వరిగడ్డి పశువుల మేత. ఊక రైసుమిల్లు బాయిలర్‌కీ, ఇటుక బట్టీకీ పోతుంది, దానికో ధర ఉంది. పొలంలోనే తగలబెట్టే కందికట్టె లాంటివి కొంత నిజంగానే మిగులుతాయి, అది ఒప్పుకుంటాను. కానీ అవి వంద పొలాల్లో చెదిరి ఉంటాయి, ఏడాదిలో కొన్ని వారాలే దొరుకుతాయి. వాటిని ఏరి, కట్టలు కట్టి, ట్రాక్టరుకెత్తి, వానకి తడవకుండా దాచాలి. ఊరికే వచ్చిందనుకున్న సరుకుకి ఖర్చు అక్కడే మొదలవుతుంది.

ఇక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా పెట్టిన రోజు నుంచి కంపకి ధర పలుకుతుంది. ధర పలికితే రైతుకి మంచిదే కదా అంటారు. సొంత బీడు ఉన్నవాడికి మంచిదే. చెరువు లోపల నుంచి తలమోపు తెచ్చుకునే మనిషికి ఆ రోజు నుంచి అది దొంగతనం అవుతుంది. లీజు తీసుకున్నవాడు కాపలా మనిషిని పెడతాడు.

రెండు. పీకేస్తాం అంటూనే ఇరవై ఏళ్లు నడుపుతాం అనడం

ఈ వాదంలో అన్నిటికంటే పెద్ద చిల్లు ఇదే. దీన్ని ఎవరూ ఎందుకు అడగడం లేదో నాకు అర్థం కాదు. ఒక నోటితో చిల్లచెట్లు భూగర్భ జలం పీల్చేస్తున్నాయి, చెరువుల్ని మింగేస్తున్నాయి, వాటిని నిర్మూలించడానికే ఫ్యాక్టరీ అంటారు. అదే నోటితో ముడిసరుకుకి ఎన్నేళ్లయినా కొదవ లేదంటారు. చెట్టుని వేళ్లతో సహా తీస్తే మూడు నాలుగేళ్లలో సరుకు అయిపోతుంది. మొదలు వదిలి పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, ముందు ఒక్క కాండం ఉన్నచోట అయిదారు లేస్తాయి. బ్యాంకు అప్పు తీర్చాల్సిన యజమాని ఈ రెండింట్లో ఏది చేస్తాడో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అప్పుడు కంపని కాపాడటమే వ్యాపారం అవుతుంది. పూడిక తీసి చెరువు బాగు చేసుకుందామని ఊరివాళ్లు పోతే లీజుదారుడు అడ్డం వస్తాడు.

పొరుగున తమిళనాడులో 2017లో ఈ చెట్లని తొలగించమని మదురై బెంచి ఆదేశాలిచ్చింది, కొద్ది నెలల్లోనే ఆ పని ఆపాల్సి వచ్చింది. తీయాలా ఉంచాలా అన్నది కోర్టులకే తేలిగ్గా తేలని ప్రశ్న అయింది. ఆ ప్రశ్నని తేల్చకుండా దాని మీద ఫ్యాక్టరీ కట్టడం తెలివైన పని కాదు.

కంప చాలకపోతే ఏం చేస్తారని అడిగితే జామాయిల్ వేద్దాం, సుబాబుల్ వేద్దాం, గడ్డి వేద్దాం అంటారు. అంటే సంగతి వ్యర్థాల నుంచి భూమి మీదకి మారిపోయింది. 2025 ఏప్రిల్‌లో మనకి ఎగువన కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లి దగ్గర గ్యాస్ ప్లాంటుకి శంకుస్థాపన జరిగింది. అక్కడ ఆలోచన బంజరు భూముల్లో గడ్డి పెంచి గ్యాస్ తీయడమే. అది మంచో చెడో వేరే చర్చ. కానీ అక్కడ కనీసం గడ్డి పెంచుతామనీ, దానికి భూమి కావాలనీ ముందే చెబుతున్నారు. మన దగ్గర భూమి ఊసే ఎత్తకుండా మాట్లాడుతున్నారు.

మూడు. తూకం

ఇప్పుడు లెక్కకి వద్దాం. సెల్యులోజ్‌లో ఒక్కో ముక్కలో ఆరు కార్బన్లు, పది హైడ్రోజన్లు, అయిదు ఆక్సిజన్లు ఉంటాయి. తూకంలో కార్బన్ వాటా 44 శాతం. ఆక్సిజన్ మొత్తం నీటిగా పోయి, ఒక్క కార్బన్ కూడా పొగలో పోకుండా ఉంటే వంద కిలోల సెల్యులోజ్‌కి 44 కిలోలు రావాలి. ప్రకృతి ఒప్పుకునే గరిష్ఠం అది. నిజంగా అంత రాదు. వేడి తగలగానే సెల్యులోజ్ విరిగి తారుగా, వాయువులుగా మారి తనతోపాటు చాలా కార్బన్‌ని మోసుకుపోతుంది. రేయాన్ నుంచి కార్బన్ ఫైబర్ తీసినప్పుడు మిగిలేది పది నుంచి ముప్పై శాతం. పెట్రోలియం నుంచి వచ్చే పాన్ (పాలీఎక్రిలోనైట్రైల్) దారంతో చేస్తే సగం దాకా మిగులుతుంది. కార్బన్ ఫైబర్ పరిశ్రమ రేయాన్‌ని వదిలి పాన్ వైపు వెళ్లడానికి ఇది ఒక ముఖ్య కారణం. మొక్కల మీద ద్వేషంతో ఎవరూ వెళ్లలేదు.

మన కంప సంగతి చూద్దాం. అప్పుడే నరికిన కట్టెలో సగానికి దగ్గరగా నీళ్లే. టన్ను పచ్చికంప ఎండితే 550 కిలోలు అనుకుందాం. మంచి బట్టీలో నిదానంగా కాలిస్తే అందులో ముప్పై శాతం, అంటే 165 కిలోల బొగ్గు. మట్టి కప్పిన మామూలు బట్టీలో ఇంకా తక్కువ. ఆ బొగ్గుని యాక్టివేటెడ్ కార్బన్ చేయాలంటే ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల వేడిలో ఆవిరి పట్టించాలి. ఆ ఆవిరి బొగ్గులోపల రంధ్రాలు తొలిచేకొద్దీ బొగ్గు తరిగిపోతుంది. సగం తరిగిందనుకుంటే మిగిలేది సుమారు 80 కిలోలు.

టన్నుకి ఎనభై కిలోలు. రోజుకి పది టన్నుల సరుకు తీసే ఫ్యాక్టరీ పెడితే రోజుకి 125 టన్నుల పచ్చికంప కావాలి. ఏడాదికి మూడు వందల రోజులు నడిస్తే 37,500 టన్నులు. వాన సరిగా పడని మన మెట్టలో హెక్టారుకి ఏటా అయిదు టన్నుల కంప తిరిగి పెరుగుతుందనుకుంటే 7,500 హెక్టార్లు కావాలి. ఎకరాల్లో చెప్పాలంటే పద్దెనిమిది వేల పైచిలుకు. పది టన్నుల ఫ్యాక్టరీ కోసం. ఈ అంకెల్లో ఏదైనా ఎక్కువ తక్కువలు ఉన్నాయని ఎవరైనా అంటే మార్చి చూపించమనండి. పచ్చికంప దగ్గర మొదలుపెట్టి ఆఖరి సరుకు దాకా తూకం మాత్రం చెప్పాల్సిందే. ఇప్పటిదాకా సభల్లో నేను విన్న ఏ ఉపన్యాసంలోనూ ఆ తూకం లేదు. కిలో కార్బన్ ధర ఎంతో చెబుతారు, కిలో కార్బన్‌కి ఎన్ని కిలోల కంపో చెప్పరు.

నాలుగు. అన్ని కార్బన్లూ ఒకటే అనుకోవడం

బ్యాటరీలకి గ్రాఫైట్ కావాలి, మన కంప నుంచి తీద్దాం అనేవాళ్లు 1951లో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రచురించిన పని గురించి తెలుసుకోవాలి. డీఎన్ఏ ఫోటోతో మనకి తెలిసిన శాస్త్రవేత్తే ఈమె. అంతకుముందు ఆమె బొగ్గు మీద పనిచేసింది. కొన్ని కార్బన్లు బాగా వేడి చేస్తే పొరలు పొరలుగా సర్దుకుని గ్రాఫైట్ అవుతాయనీ, కొన్ని ఎంత వేడి చేసినా అవ్వవనీ ఆమె తేల్చింది. మామూలుగా కట్టె, చక్కెర, సెల్యులోజ్ నుంచి వచ్చేవి రెండో జాతివి. కరగకుండానే మాడిపోతాయి కాబట్టి వాటి లోపల పొరలు సర్దుకోవడానికి వీలుండదు. ఈ జాతి కార్బన్ సోడియం బ్యాటరీలకి పనికొస్తుంది, నిజమే. దానికి వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమి, ఆక్సిజన్ లేని వాయువు, ప్రతిసారీ ఒకేలా ఉండే శుభ్రమైన ముడిసరుకు కావాలి. చెరువులోంచి నరికి, మట్టీ బెరడూ ముల్లూ కలిపి ట్రాక్టరులో పోసిన కంప అలాంటి సరుకు కాదు. ఊకలో బూడిదే పదిహేను ఇరవై శాతం, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. దాన్ని పోగొట్టడానికి మామూలుగా క్షారంతో కడుగుతారు. కడిగిన నీళ్లు ఏ వాగులో వదులుతారో అదీ చెప్పాలి.

అయిదు. చెట్టుది కాబట్టి పచ్చనిదే అన్న నమ్మకం

చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బనే తిరిగి గాలిలోకి పోతుంది, లెక్క సరిపోతుంది అంటారు. మూడు షరతుల మీద సరిపోతుంది. నరికినంతా మళ్లీ పెరగాలి. తెచ్చే ట్రాక్టరు, కొలిమి కరెంటు కూడా లెక్కలో ఉండాలి. కాల్చేటప్పుడు వచ్చే పొగ పూర్తిగా మండాలి. మన మెట్టలో కనబడే మట్టి బట్టీల్లో మూడో షరతు ఏనాడూ తీరదు. గాలి చాలక మగ్గిన కట్టె నుంచి కార్బన్ మోనాక్సైడ్, తారు, మీథేన్ వస్తాయి. భూమిని వేడెక్కించడంలో మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు ఎనభై రెట్లు బలమైనది. ఆ పొగ మొదట పోయేది బట్టీ పక్కన గుడిసెలో నిద్రపోయే పిల్లల ఊపిరితిత్తుల్లోకి.

మూసిన రిటార్టుల్లో, అంటే గాలి చొరని పాత్రల్లో కాల్చి, వచ్చిన వాయువుని అదే కొలిమికి ఇంధనంగా వాడితే ఈ నష్టం చాలావరకు ఆగుతుంది. అది వచ్చిన విద్యే, కొత్తదేం కాదు. కానీ దానికి డబ్బు పెట్టాలి. ముడిసరుకు ఊరికే వస్తుందని చెప్పి మొదలయ్యే వ్యాపారం ఆ డబ్బు పెట్టదు. పాత బట్టీలవాళ్ల దగ్గర బొగ్గు కొనుక్కుని తన గేటు లోపల మాత్రం శుభ్రంగా ఉందని చూపిస్తుంది.

ఇంకో మాట. తయారైన బొగ్గు ఎక్కడికి పోతుందన్నది కూడా అడగాలి. నేలలో కలిపితే కార్బన్ చాలా కాలం అక్కడే ఉంటుంది. హోటల్ పొయ్యిలోకి పోతే నెల తిరగకుండా గాలిలో కలుస్తుంది. గాలిలో కార్బన్ తగ్గించినందుకు ఇచ్చే కార్బన్ క్రెడిట్‌ని రెండింటికీ ఒకేలా అడగడం మోసం.

ఆరు. ఇంటికో ఉద్యోగం

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. మన జిల్లాలో బొగ్గు బట్టీల పని ఎవరు చేస్తున్నారో అందరికీ తెలుసు. యానాది కుటుంబాలు. అడ్వాన్సు ఇస్తారు, ఆ అడ్వాన్సు తీరేదాకా మొగుడూ పెళ్లాం పిల్లలతో సహా కంపలోనే కాపురం. ముల్లు దిగిన కాలికి మందుండదు, బడి వయసు పిల్ల బట్టీకి మట్టి కప్పుతుంది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అయినా బొగ్గు బట్టీల నుంచి కుటుంబాల్ని విడిపించిన వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. ఈ పునాది మీద ఏ కొత్త పరిశ్రమ లేచినా, దాని సరుకుని ఎంత గొప్ప పేరుతో పిలిచినా, కింద నలిగేది ఆ కుటుంబాలే. కంప నరికేవాళ్లకి ఏమిస్తారు, ఎలా ఇస్తారు అని చెప్పకుండా ఉద్యోగాల సంఖ్య చెప్పేవాళ్ల మాట నేను వినను.

సెల్యులోజ్ పరిశ్రమ వస్తే దశ తిరుగుతుందన్న ఆశ తెలుగు నేలకి కొత్త కాదు. ఇంకో కమలాపురం ఉంది, ఇది గోదావరి ఒడ్డున మంగపేట మండలంలో. 1980ల తొలినాళ్లలో అక్కడ కట్టె నుంచి రేయాన్ గుజ్జు తీసే ఫ్యాక్టరీ నడవడం మొదలైంది. సెల్యులోజ్‌ని శుద్ధంగా విడదీయడంలో మన వాళ్లకి ఉన్న అసలైన అనుభవం అది. విదేశాల నుంచి చౌకగా దిగే గుజ్జు ముందు నిలవలేక 2014లో మూతపడింది. కార్మికులు జీతాల్లేక ఏళ్ల తరబడి ఎదురుచూశారు. తెరిపిస్తామని హామీలు వచ్చాయి, ఫ్యాక్టరీ తెరుచుకోలేదు. అక్కడ సాంకేతిక పరిజ్ఞానం లేక కాదు. కొనేవాడు దూరమైతే ఊరికి ఊరే ఆగిపోయింది.

అంతకంటే దగ్గరి పాఠం జట్రోఫా. 2005 ప్రాంతంలో మెట్ట భూముల్లో కానుగ, జట్రోఫా వేయండి, డీజిల్ పండుతుంది అని ప్రభుత్వాలే చెప్పాయి. 2011-12 నాటికి డీజిల్లో ఇరవై శాతం కలుపుతామని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. కలిపింది లేదు. అప్పుడూ ఇదే మాట: పనికిరాని నేల, నీళ్లడగని మొక్క, ఖర్చు లేని ఆదాయం. సుబాబుల్, జామాయిల్ రైతులు పేపరు మిల్లుల ధర కోసం పడ్డ తిప్పలు ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఎవర్ని అడిగినా చెబుతారు.

వీటి పక్కన ఉదయగిరి కొయ్య గరిటెల్ని పెట్టి చూడండి. దుర్గం కొండ కట్టెతో, చేతి పనిముట్లతో, ఎక్కువగా ఆడవాళ్లు చెక్కే చెంచాలు, ఫోర్కులు. అదీ సెల్యులోజే. గుప్పెడు కట్టెకి అంత విలువ తెచ్చే పని ఈ మెట్టలో ఇంకోటి లేదు. దాన్ని ఎనిమిది వందల డిగ్రీల కొలిమిలో పెట్టలేదు, మనిషి చేతిలో పెట్టారు.

ఇంత చెప్పాక, ఏం చేయాలో కూడా చెప్పాలి. కార్బన్ పరిశ్రమ రావాలనే నేను కోరుకుంటున్నాను, చిన్నదిగా, నిజాయితీగా. పూడికతీతలో ఎలాగూ తొలగించే కంపతో, మిల్లులో ఒకచోట పోగుపడిన ఊకతో, పొలంలో తగలబెట్టే కందికట్టెతో, మూసిన రిటార్టులో మొదలుపెట్టండి. పచ్చికంపకి కాటా దగ్గరే ధర కట్టండి. కూలి వారం వారం బ్యాంకు ఖాతాలో వేయండి, ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు వద్దు. వచ్చిన బొగ్గుని ముందు మన నిమ్మతోటల నేలలో, మన తాగునీటి ట్యాంకుల్లో వాడి చూపించండి. బ్యాటరీల సంగతి ఆ తర్వాత.

మెట్ట మండలాల సర్పంచులకీ, వార్డు సభ్యులకీ నా విన్నపం ఒక్కటే. మీ ముందుకి కాగితం వచ్చినప్పుడు టన్ను పచ్చికంపకి ఎన్ని కిలోల సరుకు వస్తుంది, ఏటా ఎన్ని ఎకరాలు నరుకుతారు, నరికేవాళ్లకి రోజుకి ఎంత ఇస్తారు అని రాతపూర్వకంగా అడగండి. జవాబు గ్రామసభలో చదివించండి. అంతవరకు చెరువు పోరంబోకు మీద ఎవరికీ సంతకం పెట్టకండి.